ఇనుము – తుప్పు – సున్నము

హైదరాబాదునుండి వాడి జంక్షనువైపు పడమరగా పోవు రైలుబండిలో కూర్చున్నవారు కిటికీలోనుండి బయటకు చూచుచుండినచో నేల రంగు మాఱుచుండుటను గమనింపవచ్చును. వికారాబాదు చుట్టుప్రక్కల మన్ను ఎఱ్ఱగా నుండును. మూసీనది పుట్టిన అనంతగిరి కొండలమీద, వానకు కోసికొనిపోయిన గట్లయందు, ఆ యెఱుపు మఱింత ముదురుగా కనబడును. అచ్చటనుండి సుమారు 40 కిలోమీటర్లు పోయి తాండూరు చేరునప్పటికి నల్లరేగడి కందిచేలు, వాని నడుమ నీలపుఛాయ గల బండలను పొరలుపొరలుగా పెకలించిన గనులు, బాటప్రక్కన నిలువుగా పేర్చిన బండల దొంతరలు కనబడును. 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలో ఒక వైపున ఎఱ్ఱమన్ను, మఱియొక వైపున సున్నపురాయి. ఈ రెంటిని కలుపుచు, నిజాము రాజ్యమున 1874లో ప్రారంభమైన ఇనుపదారి.

ఎఱ్ఱమన్ను, సున్నపురాయి, ఇనుపపట్టా. మనకు ఈ మూడు వస్తువులు చాలును. మూలకమనగా నేమి, సంయోగ పదార్థమనగా నేమి యను ప్రశ్నకు పుస్తకములలో రెండు వాక్యముల సమాధానము దొరకును. బాలబాలికలు దానిని కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, మఱునాటికి మఱచిపోవుదురు. ఆ రెండు వాక్యములను కనుగొనుటకు మానవజాతికి రెండువేల సంవత్సరములకు పైగా పట్టినదనియు, మహామేధావులు సైతము అందు తడబడిరనియు తెలిసికొన్నవారు మాత్రము దానిని అంత సులభముగా మఱవజాలరు.

మొదట రైలుపట్టాను చూడుడు. చక్రములు దొర్లు పైభాగము వెండివలె తళతళలాడుచుండును. ప్రక్కభాగములు గోధుమరంగు పొడితో కప్పబడి యుండును. ఆ పొడినే తుప్పు అందురు. మన ప్రాంతమున చిలుము అనియు అందురు. రెండు భాగములును ఒకే పట్టావే. ఒకే గాలి, ఒకే వాన వానిపై పడుచున్నవి. అయినను పైభాగమున తుప్పు నిలువకుండుటకు కారణ మేమి? దినమున కెన్నియో మార్లు చక్రములు దానిని రాచి, పుట్టిన తుప్పును పుట్టినట్లే తుడిచివేయుచున్నవి. బండ్లు తిరుగని ప్రక్కదారిలో కొన్ని దినములు చూచితిరేని పైభాగము కూడ ఎఱ్ఱబాఱుట కనబడును.

తుప్పు ఎచ్చటనుండి వచ్చినది? ఇనుము కుళ్లి తుప్పైనదని కొందఱు తలంతురు. కట్టె చివికిపోయినట్లు ఇనుము చివికిపోయినదని వారి భావము. మఱికొందఱు తుప్పును బయటనుండి వచ్చి అంటుకొన్న మురికివంటి దనుకొందురు. ఈ రెండు భావములలో ఏది నిజమో తేల్చుటకు మూడు సీసాలును మూడు మేకులును చాలును. మొదటి సీసాలో మేకును వేసి, తేమను పీల్చు కాల్షియం క్లోరైడును కొంచెము వేసి, బిరడా బిగింపవలెను. ఇందు గాలి కలదు, తేమ లేదు. రెండవదానిలో బాగుగా మరిగించిన నీటిని పోసి, మేకును వేసి, పైన నూనెపొర నిలుపవలెను. మరిగించుటచే నీటిలో కరగియున్న గాలి పోవును. నూనె క్రొత్త గాలిని రానీయదు. మూడవదానిలో మామూలు నీటిని సగము పోసి, మేకు సగము మునుగునట్లు ఉంచవలెను. నాలుగైదు దినముల తరువాత మూడవ సీసాలోని మేకు మాత్రమే తుప్పుపట్టి యుండును. కావున తుప్పు పుట్టుటకు గాలియు కావలెను, నీరును కావలెను.

గాలియంతయు కావలెనా, అందలి యొక భాగమే చాలునా? ఒక గాజుగ్లాసు లోపలిగోడను నీటితో తడిపి, ఇనుప రజనును చల్లినచో అది గోడ కంటుకొనును. ఆ గ్లాసును నీళ్లున్న పళ్లెములో బోరగించి రెండుమూడు దినములు కదపక యుంచుడు. రజను ఎఱ్ఱబాఱును. అంతేగాక పళ్లెములోని నీరు గ్లాసులోనికి క్రమముగా ఎగబ్రాకి, సుమారు అయిదవవంతు ఎత్తువఱకు వచ్చి ఆగిపోవును. ఎన్నినాళ్లుంచినను అంతకు మించి పైకి రాదు. గాలిలో నూటికి 21 పాళ్లు ఆమ్లజని. ఇనుము దానిని మాత్రమే గ్రహించినది. మిగిలిన నత్రజని మొదలగు వానిని ముట్టలేదు. దీనినిబట్టి తుప్పు వట్టి మురికి కాదనియు, ఇనుము వట్టిగా చివికిపోవుట కాదనియు తెలియుచున్నది. ఇనుము ఆమ్లజనితోను నీటితోను కలిసి మఱియొక పదార్థముగా మాఱినది.

ఇది పాఠశాలలో చూపు వింత మాత్రమే కాదు. మూతవేసి చాలకాలము వాడకుండ నుంచిన పెద్ద ఇనుపతొట్లలోను, ఓడల అడుగు అఱలలోను తుప్పు లోపలి ఆమ్లజనిని ఇట్లే హరించును. అందు చెడువాసన యుండదు; పొగ యుండదు. శుభ్రము చేయుటకు దిగినవాడు రెండుమూడు నిమిషములలో స్పృహ తప్పి పడిపోవును. వానిని రక్షింపబోయి దిగిన రెండవవాడును పడిపోవును. ప్రపంచమున పలు తావుల ఇట్టి మరణములు సంభవించినవి. అట్టి తొట్టిని తెఱచి, గాలి బాగుగా ఆడనిచ్చి, లోపలి గాలిని పరీక్షించిన తరువాతనే దిగవలెనను నియమము అందులకే యేర్పడినది.

ఇక తూకము సంగతి. ఒక మేకు పూర్తిగా తుప్పుగా మాఱినచో ఆ తుప్పు బరువు మేకుకంటె తక్కువా, ఎక్కువా? తరగతిలో ఈ ప్రశ్న వేసినపుడెల్ల ఎక్కువమంది "తక్కువ" అని చెప్పెడివారు. తుప్పు పొడిపొడిగా రాలిపోవును గదా, అది ఇనుముకంటె తేలికగా నుండకేమి యని వారి వాదము. వారిని తప్పుపట్టుటకు లేదు. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాలోని రసాయనజ్ఞులే లోహము భస్మమగునపుడు దానిలోనుండి "ఫ్లాజిస్టన్" అను అగ్నితత్త్వ మొకటి వెడలిపోవునని నమ్మిరి. వారి లెక్కలో ఇనుము మిశ్రపదార్థము, తుప్పు శుద్ధపదార్థము! ఉన్నది ఊడిపోవగా మిగిలినదానికి బరువు పెరుగు టెట్లని అడిగినపుడు, ఫ్లాజిస్టనునకు బరువు లేకపోవుటయే కాక, అది వస్తువులను తేలిక పఱచుననియు కొందఱు చెప్పిరి. సిద్ధాంతమును కాపాడుకొనుటకు మనుష్యుడు ఎంత దూరము పోవునో చూడుడు.

ఈ చిక్కును విడదీసినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన లవోయిజే. ఆయన ప్రయోగశాలలో అన్నిటికంటె విలువైన పరికరము త్రాసు. 1774లో ఆయన తగరమును మూతబిగించిన గాజుపాత్రలో కాచి, కాచుటకు ముందును తరువాతను తూచెను. పాత్రతో కూడిన మొత్తము బరువు మాఱలేదు. మూత తీయగా బయటిగాలి లోనికి చొచ్చుకొనిపోయెను. అప్పుడు బరువు పెరిగెను. లోహము తన బరువును గాలినుండి సంపాదించుకొన్నదన్నమాట. ఏదియో పోవుటవలన కాక, గాలిలోని భాగము వచ్చి చేరుటవలననే లోహము భస్మమగుచున్నదని ఆయన తేల్చెను. లెక్క తలక్రిందు లయ్యెను. ఇనుమే సరళమైనది, తుప్పే కూడికవలన పుట్టినది.

ఇనుమును ఎంత కాల్చినను, ఎంత నలుగగొట్టినను, ఏ ఆమ్లములో కరగించినను, దానిలోనుండి ఇనుము కాని మఱియొక సరళపదార్థమును రాబట్టలేము. అట్టిదానిని మూలకమందురు. బంగారము, రాగి, వెండి, గంధకము, బొగ్గులోని కర్బనము, గాలిలోని ఆమ్లజని, నత్రజని మూలకములు. నేటివఱకు 118 మూలకములు గుర్తింపబడినవి. ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క తరగతి పరమాణువులు. ఇనుము పరమాణువు కేంద్రకమున 26 ప్రోటానులుండును, ఆమ్లజనికి 8. ఆ సంఖ్య మాఱినచో అది వేఱు మూలకమే యగును. కమ్మరి కొలిమిలోను, వానలోను, రసాయనశాలలోను ఆ సంఖ్య మాఱదు. అందుచేతనే తుప్పైన ఇనుము నశింపలేదు. ఆమ్లజనితో పెనవేసికొని దాగియున్నది.

మన పూర్వులు పృథివి, జలము, తేజస్సు, వాయువు, ఆకాశము అని పంచభూతములను చెప్పిరి. అవి మన యింద్రియములకు గోచరించు లోకమును విభజించిన తీరు. రసాయనశాస్త్రమున మూలకమను మాట వేఱు ప్రశ్నకు సమాధానము. నీరు అందు భూతమే. ఇందు మూలకము కాదు. ఈ రెండు విభజనలను ఒకదానితో నొకటి పోటీకి నిలుపుట వ్యర్థశ్రమ.

నీరు మూలకము కాదని చూపినదియు ఇనుమే. 1785లో లవోయిజే ఎఱ్ఱగా కాల్చిన ఇనుప తుపాకి గొట్టముగుండ నీటి ఆవిరిని పంపెను. గొట్టము లోపలి ఇనుము నల్లని భస్మముగా మాఱి బరువెక్కెను; అవతలి కొసనుండి మండు వాయువొకటి వెలువడెను. నీటిలోని ఆమ్లజనిని ఇనుము పట్టుకొన్నది. మిగిలిన ఉదజని బయటకు వచ్చినది. యుగయుగములుగా విడదీయరానిదని తలపబడిన నీరు రెండు ముక్కలైనది. ఉదజని మండును. ఆమ్లజని మంటను పెంచును. రెండును కలిసిన నీరు మంటను ఆర్పును. సంయోగ పదార్థము తన తలిదండ్రులను పోలియుండ నక్కఱలేదనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

తుప్పును ఈ దృష్టితో చూడుడు. ఇనుము గట్టిది, సాగునది, అయస్కాంతమునకు అంటుకొనునది. ఆమ్లజని కంటికి కనబడని వాయువు. వాని కూడికయైన తుప్పు ఎఱ్ఱనిపొడి. అది సాగదు, బరువు మోయదు, పూర్తిగా తుప్పైన పొడిని అయస్కాంతము చెప్పుకోదగినంతగా ఆకర్షింపదు. ఇనుప రజనును గంధకపు పొడిని కలిపినచో మాత్రము ఇట్లు కాదు. అయస్కాంతము త్రిప్పగా ఇనుము ఇనుముగానే వచ్చివేయును, గంధకము పచ్చగానే మిగులును. అది మిశ్రమము. దానినే ఉపాధ్యాయుడు పరీక్షనాళికలో కాచినచో ఎఱ్ఱగా నిప్పువలె వెలిగి నల్లనిముద్దగా గట్టిపడును. పిమ్మట అందులోనుండి అయస్కాంతము ఇనుమును లాగలేదు. అది సంయోగ పదార్థము.

మిశ్రమమును పులిహోర కలిపినట్లు మన యిష్టము వచ్చిన పాళ్లలో కలుపవచ్చును. సంయోగ పదార్థమున అట్టి స్వేచ్ఛ లేదు. ఎఱ్ఱని ఇనుప ఆక్సైడులో 7 పాళ్ల ఇనుమునకు 3 పాళ్ల ఆమ్లజని యుండును. అనంతగిరిలో పుట్టినను, ఆఫ్రికాలో పుట్టినను అంతే. 7 గ్రాముల మేకు పూర్తిగా మాఱినచో నీటి బరువును విడిచిపెట్టి 10 గ్రాముల ఆక్సైడు వచ్చును. తుప్పులో నీరు కూడ చేరియుండును గనుక దాని బరువు మఱికొంత యెక్కువయే. ఈ స్థిరానుపాత నియమమును స్థాపించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్రూస్ట్. ఇంకొక విశేషము. కమ్మరి కాల్చిన ఇనుమును సమ్మెటతో కొట్టునపుడు నల్లని రేకులు రాలుచుండును. వానిలోను ఇనుము, ఆమ్లజనియే కలవు. కాని వానిలో చాలభాగము నల్లని ఆక్సైడు. దాని పాళ్లు 21కి 8. పాళ్లు మాఱినందున పదార్థమే మాఱినది. ఈ నల్లనిది అయస్కాంతమునకు అంటుకొనును.

ఇప్పుడు అనంతగిరి ఎఱ్ఱమన్ను దగ్గఱకు పోవుదము. ఆ ప్రాంతమున సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రితము భూగర్భమునుండి వెలువడిన లావా గట్టిపడి నల్లరాయి యయ్యెను. ఆ రాతిలో ఇనుము ఇతర మూలకములతో కూడియున్నది. యుగములతరబడి వానలు, ఎండలు ఆ రాతిని నానబెట్టి, ఎండబెట్టి, కరగు పదార్థములను కడిగికొనిపోయినవి. కరగని ఇనుప ఆక్సైడులు, అల్యూమినియం ఆక్సైడులు పైన మిగిలి, ఎఱ్ఱని రాయిగా పేరుకొన్నవి. దీనిని లాటరైటు అందురు. బుకనన్ అను స్కాట్లండు దేశస్థుడు కేరళ ప్రాంతమున చూచిన దీనికి 1807లో, ఇటుకకు లాటిన్ భాషలో గల పేరునుబట్టి ఆ నామ ముంచెను. కావున అనంతగిరి యెఱుపు మన పలుగుమీది తుప్పు యెఱుపునకు దగ్గఱి చుట్టమే. పండుగలకు మన యిండ్ల గోడలకును గద్దెలకును పూయు జాజునకును ఆ రంగు ఇనుప ఆక్సైడువలననే వచ్చినది.

ఇనుము తుప్పగుట సులభము. తుప్పునుండి ఇనుమును మరల రాబట్టుట కష్టము. అయినను అది సాధ్యమే. ఆమ్లజనికి ఇనుముకంటె ఎక్కువ ప్రియమైన చెలికాని నొకనిని చూపవలెను. మిక్కిలి వేడిలో కర్బనము అట్టి చెలికాడు. ముడిఖనిజమును బొగ్గుతో చేర్చి కొలిమిలో కాల్చగా ఆమ్లజని కర్బనముతో కూడి వాయువై వెడలిపోవును, ఇనుము మిగులును. తెలంగాణములోని కమ్మరులు సూత్రము నెఱుగకపోయినను పని నెఱిగియుండిరి. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున వారు ఇనుమును మూసలలో మూసి కాచి చేసిన ఉక్కు దూరదేశములకు పోయెను. అచ్చటి పద్ధతిని స్వయముగా చూచిన వాయిసీ అను ఆంగ్లేయుని వర్ణనము 1832లో అచ్చయ్యెను. ఇచట పిల్లలు తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: ఉక్కు మూలకమా? కాదు. ఇనుములో కొద్దిపాటి కర్బనము చేరిన మిశ్రలోహ మది. రైలుపట్టా నూటికి సుమారు 98 పాళ్లు ఇనుమే యైనను మిగిలిన ఆ కొద్దిపాటి కర్బనము, మాంగనీసు మొదలగునవియే దానికి బలము నిచ్చుచున్నవి.

తాండూరు బండల కథ ఇంకను చిత్రమైనది. మన యిండ్లలో పఱచుకొన్న ఆ బండలపై నిమ్మరసపు చుక్క పడినచో నునుపు పోయి మచ్చ యేర్పడును. పరికించి చూచినచో సన్నని బుడగలు కనబడును. అవి కార్బన్ డై ఆక్సైడు బుడగలు. ఆ రాతిలో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేటు. కొంత ఇసుక పదార్థమును, బంకమన్నును కూడ కలిసియుండును. అనగా బండ మిశ్రమము. అందలి కాల్షియం కార్బొనేటు సంయోగ పదార్థము. కాల్షియము, కర్బనము, ఆమ్లజని అను మూడు మూలకములు అందు కలవు. 100 కిలోల శుద్ధమైన కాల్షియం కార్బొనేటును బట్టీలో కాల్చినచో 44 కిలోల వాయువు గాలిలో కలిసిపోయి 56 కిలోల సున్నము మిగులును.

ఆ సున్నము సంగతి యేమి? దానిని ఎంత కాల్చినను ఇక మాఱదు. బొగ్గుతో కలిపి కొలిమిలో కాచినను ఇనుప ఖనిజమువలె లొంగి లోహము నీయదు. 1789లో లవోయిజే తన మహాగ్రంథమున 33 సరళపదార్థముల పట్టికను ప్రకటించినపుడు సున్నమును కూడ అందు చేర్చెను. అయితే ఆయన వివేకమును మెచ్చుకొనవలెను. మనము విడదీయలేకపోతిమి గనుక ప్రస్తుతమునకు సరళమనుకొందము. రేపు ఎవరైన విడదీసినచో పట్టిక మార్చుకొందము అనునదే ఆయన పద్ధతి. ఇట్టి మన్నులు నిజమునకు లోహముల ఆక్సైడులు కావచ్చునని ఆయన అనుమానించెను కూడ. 1794 మే 8వ తేదీన విప్లవ న్యాయస్థానము ఆయనకు శిరచ్ఛేదము విధించి, నాడే అమలు జరిపెను. ఆ అనుమానము నిజమగుట చూచుటకు ఆయన లేకపోయెను. 1808లో లండనులో హంఫ్రీ డేవీ అగ్ని చేయలేని పనిని విద్యుత్తుచే చేయించెను. సున్నమును తడిపి, పాదరసముతో చేర్చి, బలమైన విద్యుత్తును ప్రవహింపజేయగా క్రొత్త లోహమొకటి పాదరసములో చేరెను. పాదరసమును ఆవిరిచేసి వెళ్లగొట్టగా మిగిలినది కాల్షియము. సున్నము కాల్షియమునకు తుప్పువంటిది!

సున్నముతో పరిహాసము పనికిరాదు. కాల్చిన సున్నముపై నీరు పడినచో అది సలసల కాగును. కంటిలో పడినచో చూపు పోవు ప్రమాదము కలదు. నీరు చేరి తడిసున్న మగును. గోడకు పూయగా గాలిలోని కార్బన్ డై ఆక్సైడును మెల్లమెల్లగా గ్రహించి మరల కాల్షియం కార్బొనేటై గట్టిపడును. గనిలోని రాయి బట్టీలో సున్నమై, గోడమీద మరల రాయి యగుచున్నదన్నమాట.

తాండూరు పరిసరములలో ఈ రాతినే సిమెంటుగా మార్చు కర్మాగారములు వెలసినవి. కేంద్రప్రభుత్వపు సిమెంట్ కార్పొరేషన్ కర్మాగారము వానిలో నొకటి. సున్నపురాతిని, బంకమన్ను వంటివానిని, ఇనుప ఆక్సైడు గల పదార్థములను సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటు చేయుదురు. ఆ ఇనుప ఆక్సైడు కొఱకు సిమెంటు పరిశ్రమలో లాటరైటును కూడ వాడుదురు. కొండ యెఱుపు బండ నీలముతో ఇచ్చట కలిసికొనును.

సిమెంటు కాంక్రీటులో ఇనుప సలాకలను పొదిగి స్లాబులు వేయుదురు. ఇనుము తుప్పుపట్టు గుణము కలది. కాంక్రీటులో తేమయు గాలియు కొంతైన నుండును. మఱి సలాకలు ఎందుకు తుప్పు పట్టవు? సిమెంటు గట్టిపడునపుడు పుట్టిన సున్నము కాంక్రీటునకు తీవ్రమైన క్షారగుణము నిచ్చును. ఆ క్షారములో సలాకపై మిక్కిలి పలుచని ఆక్సైడుపొర యేర్పడి విడువక అంటియుండి ఇనుమును కాపాడును. తుప్పువలె అది గుల్లగా నుండదు. అల్యూమినియం పాత్రలకును స్టెయిన్‌లెస్ స్టీలునకును రక్ష ఇట్టి పొరయే. ఢిల్లీలోని సుమారు 1600 సంవత్సరముల యినుపస్తంభమునకు మాత్రము అందలి భాస్వరము తోడ్పడి వేఱొక రక్షకపొర నేర్పఱచినది.

కాని గాలిలోని కార్బన్ డై ఆక్సైడు ఊరకుండదు. గోడసున్నమును రాయిగా మార్చినట్లే, కాంక్రీటులోని సున్నమును కూడ పైనుండి లోనికి సంవత్సరమునకు కొంచెము కొంచెముగా రాయిగా మార్చుచు పోవును. రాయియైన భాగమునకు క్షారగుణము తగ్గును. ఆ మార్పు సలాకవఱకు చేరిన నాడు రక్షకపొర చెడును. అప్పుడు తేమ తగిలిన సలాక తుప్పుపట్టును. తుప్పు తాను తినిన ఇనుముకంటె రెండు మొదలు ఆఱు రెట్ల స్థలము నాక్రమించును. స్లాబు లోపల అంత చోటెక్కడిది? కాంక్రీటు పగిలి, పెచ్చులై ఊడిపడును.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో వానకాలపు రాత్రి వరండా కప్పునుండి అరచేతి మందమున్న పెచ్చు ఊడి, పగలు పిల్లలు వరుసగా కూర్చుండు చోట పడెను. రాత్రి యగుటచే ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. మఱునాడు వచ్చిన మేస్త్రీ తలయెత్తి చూచి, "సలాక ఉబ్బింది సారూ" అనెను. చదువుకొనని ఆతని నోట వెలువడిన ఆ మాట నాకు ఎంతో నచ్చినది. ఇనుము ఉబ్బదని మనకు తెలియును. ఇనుము ఆమ్లజనిని, నీటిని చేర్చుకొని వేఱు పదార్థమై పెరిగినది. ఆతడు ఒక్కమాటలో చెప్పినది అదియే.

మీ బడిలో గాని యింటిలో గాని కప్పుమీద సలాకల వెంబడి నిడుపుగా సన్నని బీటయు, దాని వెంట ఎఱ్ఱని చారయు కనబడినచో దానిపై సున్నము పూసి కప్పిపుచ్చుట తగదు. క్రింద కూర్చుండుట మాని పెద్దలకు చెప్పుడు. ఆ మేస్త్రీ సుత్తితో కొట్టుచు గుల్లధ్వని వచ్చిన చోటులన్నిటను కాంక్రీటును పెకలించెను. సలాక వెనుకవఱకు తొలిచి, తీగెబ్రష్షుతో ఇనుము మెఱయువఱకు తుప్పును గీకించెను. సగమునకు పైగా సన్నబడిన సలాకల ప్రక్కను క్రొత్తవి కట్టించెను. రక్షకలేపనము పూయించి, క్రొత్త సిమెంటు గట్టిగా క్రుక్కించి, సలాక క్రింద కనీసము 20 మిల్లీమీటర్ల మందముండునట్లు కొలబద్దతో తానే కొలిచి చూచెను. ఏడు దినములు దానిని తడిగా నుంచుటకు పెద్దపిల్లలు వంతులు వేసికొనిరి.